ఉన్ని తీయని తోలు

మొఘల్‌పురా,
8 జూలై 1979

బాపూ,

సోమవారం పొద్దున బస్సు ఎక్కేటప్పుడు నువ్వు ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో నడుము పట్టుకున్నావు. నేను చూడలేదనుకున్నావు. చూశాను. అమ్మ కూడా చూసింది. 

నారాయణఖేడ్ చుట్టూ కంకర రోడ్ల మీద కరెంటు ఆఫీసు మోటార్ సైకిల్ నడిపి నడిపి నడుము పాడైందని నీ నోటితో నువ్వే చెప్పావు. నవంబరులో మీ అసిస్టెంట్ ఇంజనీరు ఏ.ఇ. సారు లైన్ మీద పనిచేసే వాళ్లందరి చేతా అరవై కిలోమీటర్లు ఆగకుండా బండి నడిపించి చూస్తాడనీ, నడపలేని వాళ్ల దగ్గర బండి తీసుకుంటారనీ చెప్పావు. తర్వాత ఏమవుతుందని అడిగితే కూర బాగుందన్నావు. అది జవాబు కాదు.

సరే, నా సంగతి విను. మొన్న కాలేజీ నుంచి వస్తుంటే మదీనా చౌరస్తా దగ్గర జనం గుమిగూడారు. మధ్యలో గడ్డం పెంచుకున్న ఒక విదేశీయుడు, దుమ్ము కొట్టుకుపోయిన మోటార్ సైకిల్. ఆ బండి సీటు మీద గొర్రెతోలు! ఉన్నితో సహా ఉంది. గొర్రె అప్పుడే సీటు మీద పడుకున్నట్టు ఉంది. రెండేళ్లుగా కాలేజీలో నేర్చుకున్న ఇంగ్లీషు మొదటిసారి బయటికి తీసి, ఇదెందుకని అడిగాను. నవ్వి, చెయ్యి పెట్టి చూడమన్నాడు. ఒత్తితే అణిగింది, వదిలితే లేచింది. స్థితిస్థాపకత అనే మాటను పరీక్షల్లో రాశాను గాని, అది చేతికి తగలడం ఇదే మొదటిసారి. జర్మనీ నుంచి రోడ్డు మీదే వచ్చాడట. ఇది లేకపోతే మూడో రోజే వెనక్కి తిరిగేవాణ్ణి అన్నాడు. కింద గాలి ఆడుతుందట, చెమట పట్టదట, గుంత తగిలితే ఉన్ని మింగేస్తుందట.

నీకు అది చేయించి పంపుతాను. నవంబరుకు ఇంకా నాలుగు నెలలున్నాయి. సీటు కొలత పంపు. వద్దని రాయకు.

నీ బిడ్డ,
పుష్ప


నారాయణఖేడ్
17-7-79

బిడ్డ పుష్పకు దీవెనలు.

నీ ఉత్తరం అందింది. నీ ఉత్తరాలు రేడియో వార్తల లెక్క ఉంటయి, రెండుసార్లు చదివితె గాని నాకు ఎక్కవు. స్థితి ఏదో రాసినవు. నా జోడి లైన్‌మన్ లక్ష్మయ్యకు చదివి వినిపిస్తే "అన్నా, గది నీ నడుము రోగం పేరా?" అన్నడు.

అడిగినవు గనుక చెప్తున్న. పొద్దున ఎక్కంగ మంచిగనే ఉంటది. పది కిలోమీటర్లు దాటినంక సీటు బండరాయి అయితది. ఒక్కొక్క గుంతకు ఎన్నుపూస నుంచి మెడ దాక కొట్టినట్టయితది. ఎండల రెగ్జిన్ కాలి తొడలకు అంటుకుంటది. గొంగడి మడిచి ఏసి చూసిన, జారి చక్రంల పడబోయింది. దిండు కట్టిన, ఊరోళ్లు "శివయ్యా, బాలింతవా ఏంది?" అని నవ్విన్రు. దిండు తీసేసిన.

తోళ్ల కాడికి ఆడపిల్ల పోవుడేంది? చదువు చూసుకో. అసలు గొర్రెతోలు మీద కూసుంటే ఈ ఊర్ల నన్ను మనిషి అంటరా?

నువ్వు ఆగవని తెలుసు. కవర్ల దారం పెట్టిన. మొదటి ముడి నుంచి రెండో ముడి దాక నేను కూసునే ముంగటి సీటు పొడుగు, అక్కడికెల్లి కొస దాక వెడల్పు. మీ అమ్మ దాంతోటి పూలు కట్టకముందే కొలుచుకో.

బండి తీసుకుంటే ఏమైతదో ఇప్పుడెందుకు? అప్పుడు చూద్దాం.

మీ బాపు,
శివయ్య


మొఘల్‌పురా,
21 ఆగస్టు 1979

బాపూ,

ఈ ఉత్తరం రాస్తుంటే కలం ఒత్తిడికి కాగితం రెండు చోట్ల చిరిగింది. ఏడుపు కాదు, కోపం.

మన వీధి చివరి మాంసం కొట్టులో తాజా గొర్రెతోలు అడిగి తెచ్చాం. నేనూ అమ్మా కార్వాన్ వెళ్లి, తోళ్లు పదును చేసే ఎల్లప్ప తాతను వెతికి పట్టుకున్నాం. ముసలాయన. చేతులు మోచేతుల దాకా తంగేడు చెక్క రంగులో ఉన్నాయి. తోలును వెలుగుకు పట్టి చూసి "మంచి తోలు బిడ్డా, నా చేతిల పెట్టి పో" అన్నాడు. మెత్తగా కావాలి తాతా, మా బాపు కూర్చోవడానికి అన్నాను. "ఎన్నముద్ద లెక్క చేస్త" అన్నాడు. ప్రతి శనివారం వెళ్లాను. ప్రతి శనివారం "నానుతుంది బిడ్డా, తొందర పడకు" అన్నాడు. నేను సంతోషంగా తిరిగి వచ్చాను.

నిన్న ఇచ్చాడు. భుజం మీది తువ్వాలతో తుడిచి, రెండు చేతులతో నా ముందు పరిచాడు.

"చూడు. పసిపిల్ల చెంప లెక్క లేదూ? ఒక్క ఎంటిక కనవడితె నన్నడుగు."

కనబడలేదు బాపూ. ఒక్కటి కూడా.

"తాతా, బొచ్చేది?"

"తీసిన గద!"

"అదే నాకు కావాల్సింది!"

ఆయన నన్ను చూశాడు, అమ్మను చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. "బొచ్చుతోటి తోలు ఏం జేసుకుంటవే? ముప్పై ఐదేండ్ల సంది ఈ పని చేస్తున్న. తోలు రాంగనే సున్నంల ఏసుడు, బొచ్చు గీకుడు, మొదలే అది. తీయొద్దనే మనిషిని ఇయ్యాల్నే చూస్తున్న." ఆ ఉన్ని ఎక్కడుందని అడిగితే, గొంగళ్లు నేసేవాళ్లు ఎప్పుడో పట్టుకుపోయారట.

ఇంటికి వచ్చి ఆ మొదటి రోజు మాటలన్నీ గుర్తు చేసుకున్నాను. ఉన్ని తీయొద్దని నేను చెప్పనేలేదు. ఆయన చేతిలో పడ్డ ప్రతి తోలుకూ మొదట జరిగేది అదేనని నాకు తెలియదు. ఇన్ని మాటలు నేర్చుకుని, చెప్పాల్సిన ఒక్క మాట చెప్పలేదు. నాలుగు వారాలు పోయాయి. ఆ తోలును అమ్మ రోలు కింద పరిచింది. రుబ్బుతుంటే ఇప్పుడు చప్పుడు రావడం లేదు. రోలు హాయిగా ఉంది, నువ్వు లేవు.

నీ నడుము ఎలా ఉంది? ఈసారైనా రాయి.

పుష్ప


నారాయణఖేడ్
9-9-79

బిడ్డా పుష్పా,

రోలు ముచ్చట చదివి మస్తు నవ్విన. నవ్వితె గూడ నడుము పట్టేస్తుంది, ఇంకెప్పుడు గట్ల రాయకు.

పెన్సిల్‌తోటి రాస్తున్న, అక్షరాలు వంకర ఉంటే ఏమనుకోకు. పెన్ను ఏడనో పోయింది.

ఈడ అంజన్న అని గొర్లకాపరి దోస్తయిండు. ఎట్ల అయిండో తర్వాత చెప్త. నీ సంగతి చెప్తే ఆయన కర్ర మీద గడ్డం ఆనిచ్చి విన్నడు. "పట్నంల తోలు దేనికి పనికొస్తదయ్యా? కోతకొచ్చే గొర్రెకు ముందుగాల్నే ఉన్ని కత్తిరిస్తరు. ఉన్నది గోరంత. తీయకున్నా మీ బిడ్డకు దొరికేది గోరంతనే" అన్నడు. అంటే మీ ఎల్లప్ప తీయకపోయినా ఆ తోలు మనకు పనికి రాకపోతుండె. ఆయనను తిట్టకు.

అంజన్న మందల ఒక ముసలి గొర్రె ఉండె. మొన్న కత్తెర పడ్డప్పుడు దానికి జబ్బు చేసిందని ఉన్ని తీయలె. పోయిన వారం అది చచ్చిపోయింది. బొటనవేలంత పొడుగు ఉన్ని, నల్లగ, దట్టంగ. తోలు ఒలిచి, ఉప్పు బాగ రుద్ది, చుట్టగ చుట్టి ఇచ్చిండు. ఏం తీసుకోను పో అన్నడు. కండక్టరు పార్సిల్ వాసన చూసి దించేసిండు. లక్ష్మయ్య పట్నంల ఇంటికి పోతున్నడు, వానితోటి పంపుతున్న. వానికి చాయ్ పోయి, ఎక్కువ మాట్లాడనియ్యకు. పనులున్నయి వానికి.

మీ బాపు


మొఘల్‌పురా,
24 సెప్టెంబరు 1979

బాపుకు,

లక్ష్మయ్య కాక వచ్చాడు. తోలు మూటతో బస్సు లోపలికి రానివ్వక టాపు మీద కూర్చోబెట్టారట. దిగిన దగ్గర నుంచి మన గల్లీ దాకా నాలుగు కుక్కలు వెంటపడ్డాయి. గుమ్మంలోకి రాగానే "వదినా, ముందు ఇది తీసుకో, తర్వాత నన్ను మనిషి లెక్క చూడు" అన్నాడు. అమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది.

చాయ్ పోశాం. నువ్వు చెప్పినట్టు ఎక్కువ మాట్లాడనివ్వకుండా చూద్దామనుకున్నాను. కాని ఆయన రెండో గుక్కలోనే అనేశాడు.

"మా శివయ్యన్నది గట్టి పట్టు వదినా. సైదాబాద్ కరెంటు స్టోర్ల కుర్చీ ఖాళీ పడి మూడు నెలలాయె. ఒక్క సంతకం పెడితె ఇంట్ల తిని, నడుచుకుంట డ్యూటీకి పోవచ్చు. సారు మూడుసార్లు పిలిచి చెప్పిండు. అన్న ఇనలె. 'మా బిడ్డ తోలు పంపుతది సార్, నవంబర్ల నడిపి చూపిస్త' అన్నడు."

అమ్మ "మూడు నెలలా?" అంది.

ఆయనకు అప్పుడు అర్థమైంది. సర్దబోయి ఇంకా చెడగొట్టాడు. "ఆగస్టుల పడ్డప్పుడే సంతకం పెడుతడనుకున్న నేను" అన్నాడు.

పడ్డావట. మణికట్టు బెణికిందట. రెండు రోజులు అంజన్న గుడిసెలో పడుకున్నావట. పెన్ను పోలేదు బాపూ, చెయ్యి పోయింది. దోస్తు ఎలా అయ్యాడో తర్వాత చెప్తానని రాశావు. ఇప్పుడు నువ్వు చెప్పనక్కర్లేదు.

అమ్మ లోపలికి వెళ్లి కడిగిన గ్లాసులే మళ్లీ కడిగింది. ఆ రోజు నుంచి నీ పేరు ఎత్తడం లేదు. అన్నం పెడుతుంది, జడ వేస్తుంది, కాలేజీకి పొమ్మంటుంది. నీ సంగతి వస్తే లేచి వెళ్లిపోతుంది.

నేను మూడు నెలలుగా మాంసం కొట్టు, కార్వాన్, కాలేజీ అని తిరిగాను. సంస్కృతం క్లాసు ఆరుసార్లు ఎగ్గొట్టాను. నీ నడుము కోసం అనుకున్నాను. తీరా చూస్తే నిన్ను ఇంటికి రాకుండా అక్కడే కట్టిపడేసే తాడును నా చేతులతో నేనే పేనుతున్నాను. ఏ.ఇ. సారుకు నన్ను సాకుగా చూపించావు. నాకొక్క మాట చెప్పి ఉంటే ఆ విదేశీయుడి బండి చూసి దండం పెట్టి వచ్చేదాన్ని.

తోలు మేడ మీద ఉప్పులో ఉంది. ఎల్లప్ప తాతకు ఇవ్వలేదు. ఇవ్వను కూడా. ఎందుకు ఇవ్వాలో చెప్పు. కూర బాగుందని కాదు. నిజం చెప్పు.

పుష్ప


నారాయణఖేడ్
3-10-79

బిడ్డా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివిన. లక్ష్మయ్యను ఏమనలె. వాడు రెండు రోజుల సంది నా ముంగట పడుతలేడు.

నిజం అడిగినవు. రాస్త.

ఆ కాగితం సారు నాకు చదివి చెప్పిండు. "శారీరకంగా లైన్ పనికి పనికిరాడు" అని ఉంటది. కింద నేను సంతకం పెట్టాలె. నా సంతకం, నా పేరు. అది సర్వీసు పుస్తకంల అతికిస్తరు. నేను పోయినంక గూడ అది అండ్లనే ఉంటది.

ఇరవై ఆరేండ్ల సంది స్తంభాలెక్కిన. మనూరు దిక్కు పల్లెలకు మొదటి కరెంటు బుగ్గ ఎలిగిన రోజు తీగ గుంజి కట్టింది నేను. ఒక ముసలామె బుగ్గ కిందికొచ్చి, నా మొఖం రెండు చేతులతోటి పట్టుకుని చూసింది. "నువ్వేనా కొడుకా తెచ్చింది?" అన్నది. ఆ పల్లెలల్ల నన్ను కరెంటు శివయ్య అంటరు. గాలివానకు తీగ తెగితె సారు కోసం చూడరు, నా బండి చప్పుడు కోసం చూస్తరు. ఇన్నేండ్లు చేసినంక కడపటి పేజీల పనికిరాడు అని నేనే ఒప్పుకోవాల్నా? కుర్చీ మీద నాకు కోపం లేదు బిడ్డా. ఆ కుర్చీ కాడికి పోయే తొవ్వ నాకు నచ్చలె.

పడ్డది గూడ నిజమే. గుంత కాదు, ఎడ్లబండి కాదు. నడుము పట్టేసి కాలు కదలలె, బ్రేకు తొక్కలేకపోయిన. కాలువ గట్టున గొర్ల మధ్యల పడ్డ. అంజన్న లేపిండు. ఆ రోజు భయమైంది. భయమైందని మీకు రాయలేకపోయిన. ఇది తప్పే.

నిన్ను సాకుగ చూపించిన, అది ఇంక పెద్ద తప్పు. సారు ముంగట నిలబడితె నోట్ల ఇంకో మాట రాలె. మా బిడ్డ అంటుంటే ధైర్యమనిపించింది.

తోలు నీ దగ్గరున్నది. పారేసినా నేనేమనను. మీ అమ్మకు ఏం రాయాల్నో తెలుస్తలేదు. నీకు మాటలొచ్చు, నువ్వే చెప్పు.

మీ బాపు,
శివయ్య


మొఘల్‌పురా,
29 అక్టోబరు 1979

బాపూ,

అమ్మకు నేనేం చెప్పలేదు. నీ మాటలు నువ్వే చెప్పుకోవాలి. ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను, అంతే. బియ్యం ఏరుతూ విన్నది. నువ్వు భయపడ్డావని రాసిన చోట ఆమె చెయ్యి ఆగింది. తర్వాత చాటలో బియ్యం అటూ ఇటూ తోసి అంది:

"ఆ తోలును ఎన్ని రోజులు మేడ మీద ఉంచుతవే? పురుగు పడుతది."

మర్నాడు ఆమే మూట నెత్తిన పెట్టుకుని కార్వాన్ నడిచింది. నేను వెనక నడిచాను. నన్ను చూడగానే ఎల్లప్ప తాత రెండు చేతులూ జోడించి "బొచ్చు తీయను! ముందుగాల్నే చెప్తున్న, బొచ్చు తీయను!" అన్నాడు. తన దగ్గర పనిచేసేవాళ్లు అలవాటుకొద్దీ సున్నంలో వేస్తారని భయపడి, ఆ తొట్టి మీద గోడకు బొగ్గుతో గొర్రె బొమ్మ గీశాడు. నాలుగు కాళ్ల మబ్బులా ఉంది. ఈసారి సున్నం లేదు. పటిక, ఉప్పు కలిపిన నీళ్లు పట్టించి, ఆరబెట్టి, తోలు వైపు పదును లేని ఇనుప అంచు మీద రోజుల తరబడి రుద్దాడు. "ముప్పై ఐదేండ్లకు ఉల్టా పని నేర్పినవు గదనే" అని ప్రతిసారీ గొణిగాడు. కాని లోపలికి పిలిచి చూపించేది కూడా ఆయనే.

ఉన్నిలో నిండా పల్లేరు ముళ్లు. అమ్మ పదకొండు రోజులు మధ్యాహ్నం పూట గుమ్మంలో కూర్చుని ఒక్కొక్కటే తీసింది. నేను సాయం చేస్తానంటే పుస్తకం చేతిలో పెట్టింది. "పనికిరాడంట" అని తనలో తాను అనుకోవడం రెండుసార్లు విన్నాను. ఎవరిని తిడుతోందో తెలియలేదు. బహుశా అందరినీ.

తర్వాత సీట్లు కుట్టే గౌస్ భాయ్. నీ దారం చూసి "యే క్యా, తావీజా?" అని, తాయెత్తు అనుకుని నవ్వాడు. కొలత ప్రకారం కోసి, గట్టి గుడ్డ వేసి కుట్టి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి చెక్క పెట్టె మీద పరిచి కూర్చుని చూశాను. ముందుకు జారాను! ఇంకోసారి కూర్చున్నాను. మళ్లీ జారాను. అక్కడే ఏడ్చేశాను బాపూ. నవంబరు దగ్గరికి వచ్చింది, బక్రీదు ముందు గౌస్ భాయ్‌కి ఊపిరి తీసుకునే తీరిక లేదు. అయినా తీసుకెళ్లాను. ఆయన ఉన్ని మీద చేత్తో నిమిరి, నాలుక కరుచుకున్నాడు. "హాత్ ఫేర్ కే దేఖో బేటీ, చెయ్యితోటి నిమిరి చూడు. ఉన్ని ట్యాంకు దిక్కు పండుకుంది. ఉల్టా కుట్టిన. ఎనకకు పండుకోవాలె, అప్పుడే మనిషి జారడు." ఉన్న కుట్లన్నీ విప్పి, నా ముందే మళ్లీ కుట్టాడు. ఆ మూడు గంటలూ ఆయన దుకాణం మెట్టు మీద కూర్చుని సంస్కృత విభక్తులు బట్టీ పట్టాను. అన్నీ తప్పుగానే గుర్తున్నాయి.

తోలు పంపుతున్నాను. నీ పట్టుదల ఒప్పుకుని కాదు. నా కోపం తగ్గిందని కూడా అనుకోకు. ఎలాగూ ఎక్కుతావు గనుక, ఎక్కినప్పుడు కాలు కదలాలని పంపుతున్నాను. కింద నాలుగు పట్టీలున్నాయి, సీటు కింద ముడి వెయ్యి. వాన వస్తే విప్పి సంచిలో పెట్టుకో. తడిస్తే నీడలో ఆరబెట్టు, ఎండలో పెడితే అట్ట కడుతుందని ఎల్లప్ప తాత మరీ మరీ చెప్పాడు. రోజూ దులిపి, చేత్తో ఉన్ని లేపు.

నడుము పట్టేస్తే బండి ఆపు. ఏ.ఇ. సారు చూస్తున్నా సరే, ఆపు. ఇది అమ్మ రాయమన్నది.

పుష్ప


నారాయణఖేడ్
22-11-79

బిడ్డ పుష్పకు, మీ అమ్మ చంద్రమ్మకు,

తోలు అందిన దినమే కట్టిన. నొప్పి పోయిందని అబద్ధం రాయను. పది కిలోమీటర్లకు వచ్చే నొప్పి ముప్పైకి వస్తుంది. గుంత తగిలితె ముందు ఉన్నికి తగిలి, మిగిలింది నాకు తగులుతుంది. తొడలు కాలుతలేవు. ఒక్కసారి వానల మరిచిపోయిన, తడిసి మూడు దినాలు ఆరలె. మూడు దినాలు ఆఫీసు అంతా గొర్రె వాసన, లక్ష్మయ్య ముక్కుకు రుమాలు కట్టుకుని తిరిగిండు.

ఇంకో లొల్లి. అంజన్న మంద తొవ్వల ఎదురైతె పిల్లలు మూడు నా బండి ఎనక ఉరుకుతున్నయి. ఆ ముసలి గొర్రె పిల్లలేమో, ఇంకేందో. ఒకటి హారన్ కొట్టినా జరుగదు. అంజన్న వచ్చి ఎత్తుకుపోవాలె. "నీ బండి మా మందల కలిసింది, ఇగ నాకు ఇచ్చేయ్" అంటున్నడు.

పందొమ్మిది తారీఖున నడిపి చూపించిన. సారు జీపు చెడిపోయింది, రేపు చూద్దామంటడేమో అనుకున్న. "నీ ఎనకనే కూసుంట పా" అన్నడు. నా కింద తోలు, ఆయన కింద ఉత్త సీటు. ఇరవై కిలోమీటర్లకు ఆయన ముచ్చట బందయింది. ముప్పైకి నా భుజం పట్టుకున్నడు. నాకు నలభై ఐదు దాటినంక మొదలైంది. పళ్లు గట్టిగ పట్టుకున్న. కాలు కదులుతుందా లేదా అని మాటిమాటికి బ్రేకు మీద ఆనిచ్చి చూసుకున్న. కదిలింది. అప్పటికి సారు ఎనక గట్టిగ మూలుగుతున్నడు, నా మూలుగు ఎవరికి వినవడలె. అరవై అయినంక దిగి, స్తంభం పట్టుకుని నిలబడ్డడు.

"శివయ్యా, ఆ తోలు ఏడ దొరుకుతది?"

"మా బిడ్డను అడగాలె సార్. ఆమె చానా కోపం మీద ఉన్నది."

ఫిట్ అని రాసి, సంతకం పెట్టి ఇచ్చిండు.

ఆ కాగితం జేబుల పెట్టుకుని కాలువ గట్టున కూసున్న. సంతోషం అయితదనుకున్న. కొంచెం అయింది. తర్వాత ఎవరికి చూపించాల్నా అని చూసిన. అంజన్నకు చదువు రాదు. లక్ష్మయ్యకు ముందే తెలుసు. చూపించాల్సినోళ్లు మొఘల్‌పురాల ఉన్నరు.

తెల్లారి సారు కాడికి పోయి, సైదాబాద్ కుర్చీ ఖాళీ ఉందా అన్న. ఆయన పరేషాన్ అయిండు. "నిన్ననే కదయ్య ఫిట్ అని రాసిన. ఇప్పుడెందుకు పోత అంటవ్?" అన్నడు. "నిన్న రాసిన్రు గనుకనే సార్" అన్న. దరఖాస్తు పెట్టుకొమ్మన్నడు. వెంటనే అయితదని చెప్పలె, పంపిస్త అన్నడు.

రెండు దినాల సంది రాయబోతున్న, రాస్తలేదు. నొప్పి అని రాయకు. పనికిరాడు అనే మాట ఏడ గూడ రావొద్దు. అబద్ధం గూడ వద్దు. మంచి మాటలు నీకే వస్తయి. రాసి పంపు, నేను సంతకం పెడ్త.

మీ బాపు,
శివయ్య


మొఘల్‌పురా,
30 నవంబరు 1979

బాపూ,

నాలుగు చిత్తుప్రతులు రాసి చింపేశాను. నిఘంటువు ముందు పెట్టుకుని రాశాను. నీ దరఖాస్తు నా పరీక్షల కన్నా కష్టమైంది. చివరికి కుదిరింది ఇది:

"అయ్యా,

నేను ఇరవై ఆరేళ్లుగా లైన్ పని చేస్తున్నాను. ఈ నెల పందొమ్మిదవ తేదీన తమరు నా వెనక కూర్చుని చూడగా అరవై కిలోమీటర్లు బండి ఆపకుండా నడిపాను. ఇంకా నడపగలను. కాని ఇంటికి పోవాలనుంది. సైదాబాద్ స్టోర్‌లో ఖాళీగా ఉన్న పని నాకు ఇప్పించమని కోరుతున్నాను."

"ఇంటికి పోవాలనుంది" అన్నది నేను రాసింది కాదు. నేను "కుటుంబ పరిస్థితుల దృష్ట్యా స్వస్థలానికి చేరవలసిన ఆవశ్యకత ఏర్పడినందున" అని రాశాను. ఆ వాక్యం నాకు చాలా నచ్చింది. అమ్మకు చదివి వినిపిస్తే చీపురు పక్కన పెట్టి అడిగింది: "గట్ల ఎవరు మాట్లాడుతరే? మీ బాపు మాట్లాడుతడా? ఇంటికి పోవాలనుంది అని రాయి, సాలు." కొట్టేసి, అదే రాశాను. ఇంక నిఘంటువు తెరవలేదు.

నీ ఉత్తరం అమ్మ దగ్గరే ఉంది. ఫిట్ కాగితం చూడాలట, వచ్చేటప్పుడు మడత పడకుండా తెమ్మంటోంది. ఆమె నాతో నీ గురించి మాట్లాడుతోంది. ఎక్కువగా తిట్లే.

ఏ.ఇ. సారుకు చెప్పు: ఉన్నితో తోలు తయారు కావడానికి నెల పడుతుంది, కత్తెర పడని గొర్రె దొరకడానికి ఎంత పడుతుందో తెలియదు, గౌస్ భాయ్ మొదటిసారి తప్పకుండా ఉల్టా కుడతాడు. నీ దరఖాస్తు ఆయన బల్ల మీద నుంచి కదిలిన రోజున ఎల్లప్ప తాత దగ్గరికి వెళ్తాను. ఒక్క రోజు ముందు కూడా వెళ్లను. ఇదే మాట ఆయనతో చెప్పు. కోపం మీద ఉన్నానని ఆయనకు తెలుసు కదా.

నిన్న కాలేజీ అయ్యాక సైదాబాద్ దాకా పోయి ఆ స్టోర్ కిటికీలోంచి చూసి వచ్చాను. నీ కుర్చీ చెక్కది. మెత్త లేదు. ఒక కోడు పొట్టి.

తోలు విప్పి తెచ్చుకో.

నీ బిడ్డ,
పుష్ప